ఫిల్టర్ ట్యాంకు పగులుకు కారణం ఏమిటి?

ప్రశ్న: మేము నిర్వహిస్తున్న పెద్ద ఈతకొలనుకు 1.2 మీటర్ల వ్యాసం గల ఫైబర్‌గ్లాస్ శాండ్ ఫిల్టర్ ఉంది. ఆరేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసిన ఆ ట్యాంకుకు ఇప్పుడు, నీరు బయటికి వెళ్లే కింది ఫ్లాంజి (పైపును ట్యాంకుకు బోల్టులతో బిగించే అంచు) పైభాగాన, జానెడు పొడవున విల్లులా వంగిన పగులు వచ్చి చెమ్మ కారుతోంది. ట్యాంకు గరిష్ఠ ఒత్తిడి 2.5 బార్లని, పంపు గరిష్ఠ హెడ్ (నీటిని ఎత్తగల ఎత్తు) 18 మీటర్లని వాటి పలకల మీద ఉంది. పంపు గది కొలను నీటి మట్టానికి 3 మీటర్ల దిగువన ఉంటుంది. నిరుడు పంపు మార్చినప్పుడు పైపులు కూడా కొత్తగా వేయించాము. ట్యాంకు అమ్మినవారు మాత్రం మా పనివాళ్లు వాల్వు మూసి పంపు నడపడం వల్లే ఒత్తిడి పెరిగి పగిలిందని అంటున్నారు. ఇది నిజమేనా? అతుకు వేయించి వాడుకోవచ్చా?

జవాబు: పంపు ఇంకా నడుస్తూ ఉంటే ముందు దాన్ని ఆపించండి. ఇంత వ్యాసం గల ట్యాంకు పైకప్పు మీద 1 బార్ ఒత్తిడి ఉన్నా సుమారు పదకొండున్నర టన్నుల బరువుకు సమానమైన బలం పడుతుంది. పైగా లోపల గాలి చిక్కుకొని ఉంటే అది అదిమిపెట్టిన స్ప్రింగులా శక్తిని నిలవ చేసుకొని, ట్యాంకు విచ్చుకున్న క్షణంలో దాన్నంతా ఒక్కసారిగా వదులుతుంది. పగిలిన ట్యాంకు దగ్గర పనివాళ్లను నిలబెట్టడం నాకు అస్సలు సమ్మతం కాదు.

ఇక అమ్మినవారి మాట నిలుస్తుందో లేదో మీరిచ్చిన అంకెలే చెబుతాయి. నీటి ఎత్తు 10 మీటర్లయితే ఒత్తిడి ఇంచుమించు 1 బార్. అవతలి వాల్వు పూర్తిగా మూసి ఉన్నా మీ పంపు సొంతంగా 1.8 బార్లకు మించి తోయలేదు. కొలను నీటి ఎత్తు వల్ల మరో 0.3 బార్ కలిపినా మొత్తం 2.1 బార్లే. అది ట్యాంకు భరించగలదని రాసి ఉన్న 2.5 కంటే తక్కువ. కాబట్టి, పలక మీది అంకె ఆ పంపుదే అయితే, వాల్వు మూసి నడిపినంత మాత్రాన ఈ ట్యాంకు పగలకూడదు.

పగులు పడిన చోటు, అది సాగిన దిశ కూడా ఇదే చెబుతున్నాయి. లోపలి ఒత్తిడి స్తంభాకారపు గోడను నిలువుగా చీల్చడానికి ఎంత లాగుతుందో, అడ్డంగా చీల్చడానికి అందులో సగమే లాగుతుంది. అందుచేత కేవలం ఒత్తిడి ఎక్కువై పగిలిన ట్యాంకులో సాధారణంగా నడుము భాగాన నిలువు చీలిక కోసం వెతుకుతాము. దిమ్మె ఎగుడుదిగుడుగా ఉంటే అడుగు అంచు వెంబడి పగులుతుంది. ఫ్లాంజిని చుట్టుకొని విల్లులా పగిలిందంటే, ఆ మెడను ఏదో వంచుతోందని అనుమానించాలి. నిరుడే పైపులు మార్చారన్న మీ మాట చదవగానే నా చూపు అక్కడే ఆగింది.

దీన్ని తేల్చే పరీక్షకు పరికరాలేవీ అక్కర్లేదు. మొదట పగులును, పైపు ఆధారాలను అన్ని వైపుల నుంచి ఫోటోలు తీయండి. పంపు కరెంటు తీసి, కొలను వైపు వాల్వులు మూసి, పైనున్న గాలి వాల్వు తెరిచి, ఆ తరువాతే నీటిని ఖాళీ చేయండి. గాలి లోపలికి పోయే దారి లేకుండా ఖాళీ చేస్తే శూన్యం ఏర్పడి ట్యాంకు లోపలికి నొక్కుకుపోవచ్చు. తరువాత ఆ ఫ్లాంజి బోల్టులను ఒక్కొక్కటిగా వదులు చేస్తూ పైపు ముఖాన్ని గమనించండి. చివరి బోల్టు వదులైన వెంటనే పైపు టక్కున కిందికి దిగినా, పక్కకు జరిగినా, రెండు ముఖాల మధ్య ఒకవైపు సందు ఎక్కువగా కనిపించినా, నీళ్లు నిండిన పైపు బరువో, బలవంతంగా లాగి బిగించిన బిగువో ఇన్నాళ్లూ ట్యాంకు మెడ మీదే పడుతోందని అర్థం. పైపు కదలకుండా నిలిచిందంటే నా అనుమానం చాలావరకు వీగిపోయినట్లే.

అప్పుడు వాటర్ హ్యామర్, అంటే పారే నీరు హఠాత్తుగా ఆగినప్పుడు తగిలే ఒత్తిడి దెబ్బ సంగతి చూడాలి. సెకనుకు 2 మీటర్ల వేగంతో పోతున్న నీటిని ప్లాస్టిక్ పైపులో ఒక్క క్షణంలో ఆపితే, లెక్క ప్రకారం 6 నుంచి 8 బార్ల దెబ్బ తగలగలదు. అది రెప్పపాటులో వచ్చి పోతుంది గనుక గేజి ముల్లు దాన్ని పట్టుకోలేదు. పిడి వాల్వులను విసురుగా మూసే అలవాటు ఉన్నదా, పంపు ఆగినప్పుడు, నీటిని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వు దడాలున కొట్టుకుంటోందా అని పనివాళ్లను నెమ్మదిగా అడగండి. తప్పు మోపడానికి అడుగుతున్నట్లు వినిపిస్తే నిజం బయటికి రాదు.

అతుకు గురించి: పైపూత మాత్రమే సన్నగా నెర్రెలు విచ్చి ఉంటే అది వేరు, మీ ట్యాంకుకు చెమ్మ కారుతోంది కాబట్టి పగులు గోడను దాటింది. బయటి నుంచి రెసిన్, గాజుపీచు పూస్తే కారడం ఆగుతుందేమో గాని, లోపల తెగిన పీచు బలం తిరిగి రాదు. తయారీదారు లిఖితపూర్వకంగా ఒప్పుకొని, బాగుచేసిన తరువాత గాలితో కాక నీటితోనే ఒత్తిడి పరీక్ష చేసి చూపితే తప్ప, నేనైతే కొత్త ట్యాంకే వేయిస్తాను. దాన్ని అమర్చేటప్పుడు పైపులకు ముందే సొంత ఆధారాలు వేయించి, ఫ్లాంజి బోల్టులు చేతితో తోస్తే దూరేంత సూటిగా రెండు రంధ్రాలూ కలిసేదాకా స్పానర్ పట్టనివ్వకండి.