టెక్ సందేహాలు: హైబ్రిడ్ కారుకి స్నో టైర్లు, రిమ్ములు

అక్టోబరు వచ్చిందంటే చాలు, నాకొచ్చే మెయిల్స్‌లో ఫోన్లు, లాప్‌టాప్‌లు వెనక్కి పోయి టైర్లు ముందుకొస్తాయి, ముఖ్యంగా కెనడా, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్ల నుంచి. టెక్ కాలమ్‌లో టైర్లేంటి అని అడిగేవాళ్లకి ఒకటే జవాబు: లోపల బ్యాటరీతో నడిచే సెన్సార్ ఉంది, అది రేడియో సిగ్నల్ పంపిస్తుంది, కారు కంప్యూటర్‌లో దాన్ని నమోదు చెయ్యాలి. ఇంకేం కావాలి? ఈసారి అన్నీ ఇవే ప్రశ్నలు.

మా టొయోటా రావ్4 హైబ్రిడ్ ఆల్ వీల్ డ్రైవ్. టైర్ల మీద ఎం+ఎస్ అని కూడా రాసుంది. మావారేమో ఇంక స్నో టైర్లెందుకు, డబ్బు దండగ అంటున్నారు. నిజమేనా? (ఓ పాఠకురాలు, బ్రాంప్టన్)

మీవారికి ఈ జవాబు చూపించండి. ఆల్ వీల్ డ్రైవ్ బండి కదలడానికి పనికొస్తుంది, ఆగడానికి కాదు. మీ కారులో వెనక చక్రాలకి విడిగా ఒక మోటారు ఉంది, ముందు చక్రాలు జారినప్పుడు అది వెనక నుంచి తోస్తుంది, సిగ్నల్ దగ్గర పక్కవాడి కంటే ముందు బయల్దేరతారు, బాగానే ఉంటుంది. తర్వాతి సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కినప్పుడు మాత్రం ఏ బండికైనా నాలుగు చక్రాలకీ బ్రేకులే, అక్కడ మిమ్మల్ని ఆపేది రోడ్డుకీ రబ్బరుకీ మధ్య ఉన్న పట్టు ఒక్కటే. మామూలు ఆల్ సీజన్ రబ్బరు దాదాపు 7 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి వెళ్లాక బిగుసుకుపోవడం మొదలవుతుంది, మైనస్ 15లో దాని మీద ఐస్ దాటడమంటే తడి గచ్చు మీద అరిగిపోయిన హవాయి చెప్పులతో నడిచినట్టే.

ఇక ఆ ఎం+ఎస్. మడ్ అండ్ స్నో అని పేరు గొప్పగా ఉంటుంది కానీ అది టైరు మీద గాళ్లు ఎలా చెక్కారన్న దాన్ని బట్టి వేసే గుర్తు, ఎవరూ మంచు మీద నడిపి పరీక్షించింది కాదు. మీరు వెతకాల్సింది మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు ఉన్న బొమ్మ. 1999లో వచ్చిన ఈ గుర్తు కావాలంటే గట్టిపడిన స్నో మీద పట్టు పరీక్షలో టైరు నెగ్గాలి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది, అది షాపులో ఎవరూ చెప్పరు: ఆ పరీక్ష స్నో మీద పట్టుకి మాత్రమే, గడ్డకట్టిన ఐస్ మీద బ్రేకు గురించి అది ఏమీ చెప్పదు. అందుకే కొండ బొమ్మ ఉండి ఏడాదంతా వాడుకునే ఆల్ వెదర్ టైరూ, అదే బొమ్మ ఉన్న అసలు స్నో టైరూ ఒకటి కావు.

ఒంటారియోలో చట్టం మిమ్మల్ని బలవంతపెట్టదు. కానీ 2016 జనవరి 1 నుంచి అక్కడ బీమా కంపెనీలన్నీ స్నో టైర్లు వేసుకున్నవాళ్లకి డిస్కౌంట్ ఇచ్చి తీరాలి, అడగండి, వాళ్లంతట వాళ్లు ఫోన్ చేసి ఇవ్వరు. క్విబెక్‌లో అయితే అక్కడ రిజిస్టరైన కార్లకి డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా తప్పనిసరి.

ఒక్క మాట, కొంటే నాలుగూ కొనండి. ముందుకి రెండే వేసి సరిపెడదామనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ముందు పట్టుండి వెనక లేకపోతే మలుపులో వెనక భాగం పక్కకి తిరిగిపోతుంది. దానికంటే అసలు వెయ్యకుండా మెల్లగా నడపడమే నయం.

నాదీ రావ్4 హైబ్రిడ్డే, 18 అంగుళాల రిమ్ములు, టైరు మీద 225/60 ఆర్18 అని ఉంది. షాపులో 17 అంగుళాల స్టీల్ రిమ్ములు వేసుకోమంటున్నారు. చిన్నవి వేస్తే స్పీడు తప్పు చూపించదా, హైబ్రిడ్ సిస్టమ్‌కి ఏమీ కాదా? (ఓ పాఠకుడు, మాంట్రియల్)

షాపువాళ్లు సరిగ్గానే చెప్పారు. రిమ్ము చిన్నదైతే టైరు పక్కగోడ ఎత్తు పెరుగుతుంది, మొత్తం చక్రం సైజు దాదాపు అంతే ఉంటుంది. లెక్క మీరే వేసుకోవచ్చు (225 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 60 అంటే పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం, 18 అంటే రిమ్ము అంగుళాలు): 225/60 ఆర్18 చక్రం మొత్తం వ్యాసం దాదాపు 727 మిల్లీమీటర్లు, 225/65 ఆర్17ది 724. తేడా అర శాతం కూడా లేదు, స్పీడోమీటర్‌కీ తెలియదు, హైబ్రిడ్ కంప్యూటర్‌కీ తెలియదు. పైగా 17 అంగుళాల టైరు చవక, పక్కగోడ ఎత్తుగా ఉంటుంది కాబట్టి మార్చిలో మాంట్రియల్ రోడ్ల మీద పడే గుంతల్లో రిమ్ము వంగే అవకాశం తక్కువ. అంతకంటే చిన్న రిమ్ము దొరికింది కదా అని మాత్రం కొనేయకండి, లోపల బ్రేకు కాలిపర్‌కి (డిస్కుని నొక్కి పట్టే భాగం) తగలకూడదు. కారు కంపెనీ మీ మోడల్‌కే వేరే వేరియంట్‌లో ఇచ్చిన అతి చిన్న సైజు ఏదో చూసుకుని అక్కడ ఆగండి.

స్టీలా, అల్లాయా? ఉప్పు చల్లే రోడ్ల మీద స్టీల్ తుప్పు పడుతుంది, చూడ్డానికీ బాగోదు, కానీ చవక, వంగితే సరిచెయ్యొచ్చు. నేనైతే స్టీలే కొంటాను. జనవరిలో కారు అందం ఎవరూ చూడరు, కారంతా బూడిదరంగు బురదే. రిమ్ములే కొనకుండా ఉన్నవాటికే ఏడాదికి రెండుసార్లు టైర్లు ఊడదీసి ఎక్కించడం మొదట్లో చవకగా కనిపిస్తుంది, కానీ ప్రతిసారీ ఎక్కించి బ్యాలెన్స్ చేయించే ఖర్చు, ఊడదీసేటప్పుడు టైరు అంచు దెబ్బతినే ప్రమాదం కలుపుకుంటే కొన్ని సీజన్లలో రిమ్ముల డబ్బు వచ్చేస్తుంది.

వాడిన రిమ్ములు కొంటుంటే జాగ్రత్త. టొయోటా అయితే చాలు అన్నీ పడతాయనుకోకండి. రావ్4కి అయిదు బోల్టులు కూర్చునే వృత్తం వ్యాసం 114.3 మిల్లీమీటర్లు, మధ్య రంధ్రం 60.1. కొరోలా హైబ్రిడ్‌కి 100, రంధ్రం 54.1. స్నేహితుడు కొరోలా అమ్మేస్తూ రిమ్ములు ఊరికే ఇస్తానన్నా మీకు పనికిరావు. తర్వాత నట్లు. కంపెనీ అల్లాయ్ రిమ్ములకి వచ్చే నట్లలో కొన్నింటికి కింద చదునైన వాషర్ ఉంటుంది, బయట కొనే స్టీల్ రిమ్ములకి ఎక్కువగా శంఖం ఆకారంలో ఏటవాలు నట్లు కావాలి. పాతవే బిగిస్తే బిగిసినట్టే అనిపిస్తుంది, కొన్ని రోజులకి వదులవుతాయి. చక్రం ఊడిపోవడం దాకా వెళ్లే వ్యవహారమిది, రిమ్ములతో పాటు సరైన నట్లు అడిగి తీసుకోండి. గన్నుతో గట్టిగా బిగించి పంపించే షాపు అయితే ఆఖర్లో టార్క్ రెంచ్‌తో, అంటే బిగువు కొలిచి బిగించే పానాతో, చెయ్యమనండి (మీ కారుకి 103 న్యూటన్ మీటర్లు), 80, 100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూపించుకోండి.

హైబ్రిడ్ కాబట్టి రెండు విషయాలు అదనంగా చూడాలి. బ్యాటరీ బరువు ఉంది కాబట్టి లోడ్ ఇండెక్స్ తగ్గకూడదు, టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె అది, సైజు తర్వాత ఉంటుంది, మీ డోరు పక్కనున్న స్టిక్కర్‌తో పోల్చుకోండి. స్పీడు అక్షరం మాత్రం హెచ్ బదులు టీ ఉన్నా ఫర్వాలేదు, టీ అంటే గంటకి 190 కిలోమీటర్లు, స్నోలో అంత వేగం ఎవరికి కావాలి. రెండోది, చక్రాలు ఊడదీసినప్పుడు బ్రేకు డిస్కులు చూడమనండి. హైబ్రిడ్‌లో బ్రేకు తొక్కినప్పుడు చాలా పని మోటారే చేసి కరెంటు వెనక్కి తీసుకుంటుంది, అసలు బ్రేకులు తక్కువ వాడతారు, ఉప్పు తగిలి అవి తుప్పు పట్టి కాలిపర్ బిగుసుకుపోవడం మామూలే. ఇంట్లోనే మార్చుకుంటే జాక్ మాన్యువల్‌లో చూపించిన చోటే పెట్టండి, నేల కింద హై వోల్టేజ్ తీగలు వెళ్తుంటాయి.

ప్రియస్ వాడుతున్నాను. స్నో టైర్లు వేయించిన దగ్గర్నుంచి మైలేజీ బాగా పడిపోయింది. టైర్లు వాపస్ ఇచ్చి తక్కువ రోలింగ్ రెసిస్టెన్స్ (దొర్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం) ఉన్నవి తెచ్చుకోనా? (ఓ పాఠకుడు, మినియాపొలిస్)

వద్దు. టైర్లు మార్చిన వారమే మీ ఊళ్లో చలి కూడా దిగింది, నేరం మొత్తం టైర్ల మీద పడింది. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం 77 డిగ్రీల ఫారన్‌హీట్‌తో (25 సెల్సియస్) పోలిస్తే 20 డిగ్రీల ఫారన్‌హీట్ (దాదాపు మైనస్ 7 సెల్సియస్) దగ్గర మామూలు పెట్రోలు కారు ఊళ్లో తిరుగుడులో 15 శాతం మైలేజీ పోగొట్టుకుంటే, హైబ్రిడ్ 30 నుంచి 34 శాతం దాకా పోగొట్టుకోవచ్చు. కారణం సులువే. వేసవిలో మీ కారు ఇంజిన్ ఆపేసుకుని బ్యాటరీ మీద నడిచే సమయమంతా శీతాకాలంలో దొరకదు, మీకు వేడి గాలి రావాలంటే ఇంజిన్ తిరిగి కూలెంట్ వేడెక్కాలి. చల్లబడిన బ్యాటరీ కరెంటు ఇవ్వడానికీ తీసుకోవడానికీ బద్ధకిస్తుంది. టైర్ల వాటా ఉంది, లేదనను, కానీ ఇందులో అది చిన్నది.

తక్కువ రోలింగ్ రెసిస్టెన్స్ కోసం ఐస్ మీద పట్టు వదులుకునే బేరం నాకు నచ్చదు. గాలి సరిగ్గా కొట్టించుకోండి, సీటు హీటర్ ఉంటే వాడి లోపలి వేడి ఒక మెట్టు తగ్గించండి, రెండు మైళ్ల పనులు నాలుగుంటే ఒకేసారి చూసుకోండి. అంతకుమించి చేసేదేం లేదు, మార్చి తర్వాత మైలేజీ తనంతట తనే పెరుగుతుంది.

అన్నా, కొత్త రిమ్ములు వేశాక టైర్ ప్రెషర్ లైటు ఆరట్లేదు. టెన్షన్‌గా ఉంది. సెన్సార్లు కొనాల్సిందేనా? (న్యూజెర్సీ నుంచి)

నీ కారేంటో రాయలేదు తమ్ముడూ, జవాబు దాని మీదే ఉంది. కార్లలో రెండు పద్ధతులు. ఒకటి, ప్రతి రిమ్ములో వాల్వు దగ్గర సెన్సార్ ఉండి ఒత్తిడి కొలిచి పంపించడం. టొయోటాలు ఎక్కువగా ఇదే. కొత్త రిమ్ముల్లో సెన్సార్ లేకపోతే లైటు శీతాకాలమంతా వెలుగుతూనే ఉంటుంది, ఉన్నా వాటి నంబర్లు కారులో నమోదు చేయించాలి. కొన్ని కొత్త మోడళ్లలో రెండో సెట్ చక్రాలు గుర్తుపెట్టుకునే మెనూ ఉంది, మాన్యువల్‌లో చూడు. రెండోది హోండా సీఆర్‌వీ హైబ్రిడ్ లాంటివి, వీటిలో ప్రెషర్ సెన్సార్లే ఉండవు, చక్రాలు తిరిగే వేగం బట్టి ఏది దిగిందో కారు ఊహిస్తుంది. అలాంటిదైతే పైసా ఖర్చు లేదు, గాలి సరిచేసి స్క్రీన్‌లో కాలిబ్రేషన్ నొక్కితే సరి.

సెన్సార్లు కొనకుండా లైటు వెలగనిచ్చి నడిపేవాళ్లున్నారు. నేను కొనమనే అంటాను, ఎందుకంటే గాలి దిగేది సరిగ్గా చలికాలంలోనే. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీల సెల్సియస్ తగ్గిన ప్రతిసారీ ఒక పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) పోతుంది. వెచ్చని గ్యారేజీలో 15 డిగ్రీల దగ్గర కొలిచి సరిగ్గా ఉందనుకుని బయట మైనస్ 15లోకి వెళ్తే అయిదు పీఎస్‌ఐ దాకా తక్కువ ఉన్నట్టే. బయట రాత్రంతా ఉన్న బండికి, పొద్దున్నే కదలకముందు కొలువు.

మా ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌లో డిసెంబరులో లంబసింగి వెళ్తున్నాం. వింటర్ టైర్లు ఇక్కడ దొరుకుతాయా? (విశాఖపట్నం)

అక్కర్లేదండీ. చలి ఎంత కొరికినా అక్కడ మీకు అడ్డొచ్చేది పొగమంచు, ఘాట్ మలుపులు. టైర్ల గాళ్లు అరిగాయేమో, లైట్లు వెలుగుతున్నాయేమో చూసుకుని తెల్లవారుజామున మెల్లగా ఎక్కండి. మనాలీ ప్లాన్ ఉంటే అది వేరే కథ, స్నో పడ్డ రోజుల్లో సోలాంగ్ వైపు ఫోర్ బై ఫోర్ బళ్లనే వదులుతుంటారు, మీది ముందు చక్రాలే లాగే బండి, అక్కడ లోకల్ టాక్సీ మాట్లాడుకోండి.

వాంకూవర్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, రెండో సెట్ టైర్లు పెట్టుకునే చోటు లేదు. ఆల్ వెదర్ చాలవా?

మీ ఊరి వానకి చాలు. ఊళ్లోనే తిరిగేవాళ్లయితే కొండ బొమ్మ ఉన్న మంచి ఆల్ వెదర్ వేసుకుని ఏడాదంతా వాడండి. మీ బ్రిటిష్ కొలంబియా కొండ దారుల్లో మాత్రం చాలా హైవేల మీద అక్టోబరు 1 నుంచి వింటర్ టైర్లు తప్పనిసరి, గాడి లోతు కనీసం 3.5 మిల్లీమీటర్లు ఉండాలి, ఆల్ వెదర్ ఏడాదంతా అరుగుతాయి కాబట్టి సెప్టెంబరులోనే కొలిపించుకోండి. కొనేటప్పుడు టైరు పక్కగోడ మీద నాలుగంకెల తయారీ తేదీ కూడా చూడండి, 3824 అంటే 2024లో 38వ వారం. ప్రతి శనివారం కొండలు దాటి కెలోనా వైపు వెళ్లే అలవాటుంటే మాత్రం స్నో టైర్లే కొని షాపులో దాచుకోండి. సీజన్‌కింత అని తీసుకుని చాలా షాపులు దాచిపెడతాయి.