జై కాదమ్మా, చై

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. బ్యాంకాక్ నుంచి నువ్వు పంపిన పదిహేను పేజీల వ్యాసం, దాంతోపాటు ఉత్తరం, అందులో ఐదు ప్రశ్నలు, అన్నీ అందాయి. వ్యాసం రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది, అక్షరదోషాలు లేవు. ఈ రోజుల్లో అదే గొప్ప.

మోకాలి నొప్పి తగ్గాక తీరిగ్గా జవాబు రాద్దామనుకున్నాను. కానీ నీ ఏడో పేజీలో ఒక వాక్యం నన్ను మంచం మీంచి లేపింది. "క్రెంగ్ జై అనే థాయ్ భావనకు తెలుగులో సమానమైన మాట లేదు" అని రాశావు. ఆ తర్వాత దాన్ని వివరించడానికి పన్నెండు లైన్లు ఖర్చు పెట్టావు. ఎదుటివాళ్ళకి ఇబ్బంది అవుతుందేమోనని మన అవసరం చెప్పుకోలేకపోవడం, అడగలేకపోవడం, కాదనలేకపోవడం... అమ్మాయ్, దాన్ని మన ఊళ్ళో మొహమాటం అంటారు. విస్తరి ముందు కూర్చుని ఇంకో గారె అడగలేని కొత్త అల్లుడి దగ్గర్నుంచి, చేబదులు కోసం గుమ్మం దాకా వచ్చి వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళిపోయే పక్కింటాయన దాకా అందరికీ ఉన్న జబ్బే అది. నీకు గుర్తు రాలేదంటే కారణం ఒకటే. ఆ మాట నువ్వు థాయ్ మనిషి నోట వినలేదు, ఇంగ్లీషు పుస్తకంలో చదివావు. ఆ పుస్తకం రాసినాయనకి మొహమాటం లేదు, కాబట్టి మాట దొరకలేదు. పాపం, ఆయన తప్పేం లేదు.

సాక్ష్యం కావాలా? నువ్వు 'జై' అని రాశావు. అది జై కాదు, చై. మన 'చ' లాగే, ఒత్తు లేకుండా పలుకుతారు. ఇంగ్లీషువాళ్ళకి ఆ చ రాసే దారి లేక జె అక్షరం పెట్టారు. నువ్వు వాళ్ళ జె చూసి జై కొట్టావు. చెవితో విని ఉంటే ఏ తెలుగు పిల్లయినా చై అనే రాస్తుంది. థాయ్‌లో క వేరు, ఖ వేరు. త వేరు, థ వేరు. మన లిపిలోనూ అంతే. ఇంత చక్కటి లిపి చేతిలో పెట్టుకుని పక్కింటావిడ మాటని ఇంగ్లీషు స్పెల్లింగులోంచి దిగుమతి చేసుకోవడం ఏమిటమ్మా?

క్రేంగ్ అంటే బెరుకు, చై అంటే మనసు. మన మాటలో మొహం ఉంది, వాళ్ళ మాటలో మనసు ఉంది. రెండిటికీ తేడా లేదా అంటే ఉంది. ఆ తేడా చెప్పాల్సిందే నువ్వు.

నేను 1993 నుంచి పదకొండేళ్ళు బ్యాంకాక్ పక్కన రంగ్‌సిత్‌లో ఒక స్పిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్స్ చూశాను. గుంటూరు మిల్లులో నేర్చుకున్న పని. మా సందులో ఎదురింటావిడని అందరూ 'పా' అనేవాళ్ళు. అమ్మకి అక్కయినా పా, నాన్నకి అక్కయినా పా. మనలా పెద్దమ్మా, మేనత్తా అని విడగొట్టరు. ఒక అర్ధరాత్రి ఆవిడ మనవడికి జ్వరం వచ్చి ఫిట్స్ దాకా వెళ్ళింది. మా గేటు ముందు కంపెనీ పికప్ ఉంది. ఆవిడ మా తలుపు తట్టలేదు. పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఫహొన్‌యోథిన్ రోడ్డు దాకా నడిచి ట్యాక్సీ పట్టుకుంది. తెల్లారి ఈ సంగతి తెలిసి నాకు ఒళ్ళు మండింది. ఎందుకు లేపలేదు అంటే ఆ మాటే అంది, క్రేంగ్ చై అని. మన మొహమాటం మొహం మొహం చూసుకున్నప్పుడే పనిచేస్తుంది. ప్రాణం మీదికొస్తే మనం తలుపు బాదేస్తాం, నిద్రపోయేవాడి దగ్గర మనకేం మొహమాటం? వాళ్ళది నిద్రపోయేవాడి దగ్గర కూడా పనిచేస్తుంది. నేను పదకొండేళ్ళలో నేర్చుకున్నది ఇంతే. ఇది చెప్పడానికి పన్నెండు లైన్లు అక్కర్లేదు, ఒక పిల్లాడూ ఒక పికప్పూ చాలు.

ఇక నవ్వులు. చిరునవ్వుతో, నవ్వుతూ, నవ్వు మొహంతో... ఎర్ర పెన్సిలుతో గీసి లెక్కపెట్టాను, 22. అందరూ నవ్వారు, ఒక్కళ్ళూ నోరు విప్పలేదు. నీ పదిహేను పేజీల్లో థాయ్ మనిషి పలికిన వాక్యం ఒక్కటి కూడా లేదు. మూడేళ్ళున్నావు. పొద్దున్నే సందులో నిన్నెవరూ పలకరించలేదా?

'పయ్ నయ్' అంటారు. ఎక్కడికి, అని. మా ఆవిడకి ఇది ప్రాణసంకటం అయింది. బయల్దేరిన మనిషిని ఎక్కడికి అని అడగడమా! వెంటనే వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేది. మలుపు దాకా మూడిళ్ళు. మూడిళ్ళవాళ్ళూ అడిగేవాళ్ళు. మొదటి నెలంతా నాలుగు వంకాయలు తేవడానికి గంట పట్టేది. వాళ్ళకి జవాబు అక్కర్లేదనీ, 'పయ్ థియావ్', ఊరికే అలా తిరిగొద్దామని, అంటే చాలనీ తెలియడానికి ఆర్నెల్లు పట్టింది. అదే వాళ్ళు 'కిన్ ఖావ్ రు యంగ్', అన్నం తిన్నావా, అంటే మాత్రం మొదటిరోజే ప్రాణం లేచొచ్చేది. మన ఊళ్ళో అడిగినట్టే కదా. ఒకే సందులో, ఒకే మనిషి నోట, ఒక పలకరింపు పుట్టింటిలా, ఇంకోటి అపశకునంలా! ఇంగ్లీషు వాడికి రెండూ వింతే. ఒకటి చుట్టమై ఇంకోటి శత్రువు కావడం తెలుగుదానికే జరుగుతుంది. నీకూ జరిగే ఉంటుంది. రాయలేదు.

ఇలాంటి కథ ఒకటి నేను 1996లో ఒక వారపత్రికకి పంపాను. మా ఆవిడ వరండాలో కుండీలో తులసి పెంచింది. పా వచ్చి చూసి, కఫ్రావ్ ఎంత ఏపుగా ఉందో అని మురిసిపోయి, నాలుగు రెమ్మలు తుంచుకోనా అంది. పూజకి కాబోలనుకుని ఈవిడ చేతులారా కోసి ఇచ్చింది. మధ్యాహ్నం ఎదురింట్లోంచి వెల్లుల్లి, పచ్చిమిర్చి ఘాటుతో కలిసి తులసి వాసన. పందిమాంసంలో వేసి వేయించి, అన్నం మీద పెట్టి, పైన గుడ్డు వేసి, ఇచ్చినదానికి బదులుగా మొదటి పళ్ళెం మాకే పట్టుకొచ్చింది. గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్ళు, మధ్యలో పళ్ళెం. మా ఆవిడ అందుకుందా లేదా, ఏమంది అన్నదే కథ. ఎడిటరుగారు తిప్పి పంపుతూ ఒక చీటీ పెట్టారు. బ్యాంకాక్ కథంటే పాఠకుడు ఎదురుచూసేది వేరు కదండీ, కాస్త నైట్ లైఫ్ తగిలించండి, అని. కామాలు సవరించి అదే కథ మళ్ళీ పంపాను. మళ్ళీ వచ్చింది. కొన్నాళ్ళకి ఆ పత్రిక మూతబడింది. నాకు సంతోషం కలగలేదని అబద్ధం చెప్పను. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో నేను బ్యాంకాక్‌లో పనిచేశానంటే మగవాళ్ళు కన్ను గీటుతారు. నలభై డిగ్రీల షెడ్డులో రింగ్ ఫ్రేముల కింద దూరి పనిచేశానంటే నమ్మరు.

నీ తొమ్మిదో పేజీ మొత్తం కొట్టెయ్యి. సువర్ణభూమి విమానాశ్రయం, అయుత్థయ అంటే మన అయోధ్య, సోంగ్‌క్రాన్ అంటే మన సంక్రాంతి, "అంతా మన సంస్కృతే" అని ఛాతీ విరిచావు. అది వాట్సాప్‌లో బాగా తిరుగుతుంది. కానీ ఆ మాటలు వాళ్ళు తరతరాలుగా వాడి అరగదీసి సొంతం చేసుకున్నారు. టెలిఫోన్‌ని వాళ్ళు థోరసప్ అంటారు, దూరశబ్దం. మనం కాగితం మీద దూరవాణి అని రాసి, నోటితో ఫోన్ అంటాం. మరి ఎవరిదెవరిదంటావు? శాకాహారాన్ని మంగ్‌సవిరత్ అంటారని, అది మాంసవిరతేనని తెలిసిన రోజు నేనూ నీలాగే పొంగిపోయి, ఒక పూటకూళ్ళ కొట్టుకి వెళ్ళి 'మాంసవిరతి' అని స్పష్టంగా, సంస్కృతం మాస్టారు మెచ్చుకునేలా పలికాను. ఆవిడ బెదిరిపోయి లోపలికెళ్ళి మొగుణ్ణి పిలుచుకొచ్చింది. వాళ్ళ స్వరంలో అనకపోతే వాళ్ళకది మాటే కాదు. 'క్లయ్' అని సమంగా అంటే దూరం, పైనుంచి కిందికి దించితే దగ్గర. దగ్గరన్నారనుకుని ఏప్రిల్ ఎండలో నేను నడిచిన దూరం ఈ మోకాలికి ఇంకా గుర్తుంది.

ఖ్యాక్ గురించి నువ్వు రాసింది చదివి మాత్రం నొచ్చుకున్నాను. మనల్ని ప్రేమగా అతిథి అని పిలుస్తారట! ఖ్యాక్ అంటే అతిథే, నిజమే. ఇంటికొచ్చిన చుట్టమూ ఖ్యాకే, మనమూ ఖ్యాకే, అరబ్బూ, మలయ్ ముస్లిమూ ఖ్యాకే. సీలోమ్ రోడ్డులో తమిళులు కట్టిన మారియమ్మ గుడిని వాట్ ఖ్యాక్ అనే అంటారు. పామూ ఖ్యాకూ ఒకేసారి ఎదురైతే ముందు ఖ్యాక్‌ని కొట్టమనే సామెత కూడా అక్కడే ఉంది. నువ్వు వినలేదంటే నమ్మను. నిండిన బస్సులో నీ పక్క సీటు చివరిదాకా ఖాళీగా ఉండిపోలేదా? అది రాయి. రాస్తే థాయ్‌వాళ్ళని తిట్టినట్టవుతుందని భయపడకు. రెండోవైపు కూడా రాస్తే సరిపోతుంది. మన భోజనాల దగ్గర, వాళ్ళకి తెలుగు రాదన్న ధైర్యంతో, మనవాళ్ళు అనుకునే మాటలు లేవూ? ఈ థాయ్‌వాళ్ళు సోమరులు అని నేనూ అన్నాను, ఒక ఫిట్టర్ గురించి. ఆ నెల్లోనే, 1997 జులై 2న, అంతదాకా విలువ పడిపోకుండా పట్టి ఉంచిన థాయ్ కరెన్సీ బాత్‌ని వదిలేశారు. డాలరుకి పాతిక దగ్గరుండేది ఆర్నెల్లు తిరిగేసరికి యాభై దాటింది. మేనేజర్లుగా చేసినవాళ్ళు కారు డిక్కీ తెరిచి బట్టలు, వాచీలు అమ్ముకున్నారు. మా మిల్లు జీతాలు సగం చేసింది. నేను సోమరి అన్న ఆ ఫిట్టర్ పగలు మిల్లులో, రాత్రి రెండింటి దాకా రోడ్డు పక్క నూడుల్స్ బండి దగ్గర. ఒకరాత్రి నాకు వడ్డించి డబ్బులు తీసుకోలేదు. నువ్వు తొంభై రోజులకోసారి ఇమిగ్రేషన్‌కి చిరునామా చెప్పుకోవడం గురించి రెండు పేజీలు వాపోయావు కదా, రొయ్యల షెడ్లలో పనిచేస్తూ పోలీసుని చూస్తే సందు మారే బర్మావాళ్ళకి అందులో ఒక్క లైను ఇవ్వలేకపోయావా?

పా 2001లో పోయింది. గుళ్ళో వరుసగా రాత్రులు భిక్షువులు అభిధమ్మం చదివారు. దహనం రోజు అందరితోపాటు చందనపు పువ్వు పెట్టి దండం పెట్టుకున్నాం. అక్కడ ఒక ఆచారం ఉంది, పోయినవాళ్ళ జ్ఞాపకంగా పుస్తకం అచ్చేసి వచ్చినవాళ్ళకి పంచుతారు. జీవితకథ, ధర్మబోధ, ఒక్కోసారి వంటలు. గొప్పవాళ్ళవి లావుపాటి పుస్తకాలు. పా కూతురు పంచింది జిరాక్స్ తీయించి స్టేపుల్ కొట్టిన 24 పేజీలు, అన్నీ వాళ్ళమ్మ వంటలే. నేను థాయ్ కూడబలుక్కుని చదువుతాను. పద్దెనిమిదో పేజీలో 'నామ్ ఫ్రిక్ బాన్ ఖ్యాక్' అని ఉంది. నామ్ ఫ్రిక్ అంటే రోట్లో నూరే కారప్పచ్చడి, బాన్ అంటే ఇల్లు. ఖ్యాక్ ఇంటి పచ్చడి. మా ఆవిడ ఆవిడకి నేర్పిన గోంగూర. వాళ్ళు పానకం కోసం వేసుకునే క్రచియప్ మొక్క ఆకుతో చేసింది. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఆఖర్న ఒక చెంచా చేపల నీళ్ళు, నామ్ ప్లా, కలపమని ఉంది. నేను అచ్చేసిన పుస్తకాలు పదకొండు. మా ఆవిడ బీరువాలో చీరల మధ్య దాచుకున్నది ఆ జిరాక్సే.

నీ ప్రశ్నలు. ఏ పత్రికకి పంపాలి అన్నావు. నాకు తెలిసిన ఎడిటర్లు కొందరు రిటైరయ్యారు, మిగతావాళ్ళు నాతో మాట్లాడరు. పారితోషికం గురించి అడిగావు, నవ్వొచ్చింది. మిగతా మూడు మళ్ళీ ఎప్పుడైనా.

ఇంత తిట్టినవాణ్ణి అసలు ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. నీ పద్నాలుగో పేజీలో, వాన వర్ణనకి కింద, ఒక్క లైను ఉంది. నీకు జ్వరం వచ్చిన రోజు, కింద సోమ్ తమ్, అదే రోట్లో దంచే పచ్చిబొప్పాయి కోరు, అమ్మే బండి ఆవిడ నామ్ ప్లా వెయ్యని గంజి పొట్లం నీ తలుపు గొళ్ళేనికి తగిలించి వెళ్ళిపోయిందన్నావు. తలుపు తట్టలేదు. చూశావా? ఏడో పేజీలో పన్నెండు లైన్లు వివరించిన పిల్లవి, అదే నీ గుమ్మానికి వేలాడుతుంటే ఒక్క లైన్లో దాటుకుని వెళ్ళిపోయావు.

నీకు జ్వరమని ఆవిడకి ఎవరు చెప్పారు? నువ్వు నామ్ ప్లా తినవని ఎప్పట్నుంచి గుర్తు పెట్టుకుంది? ఆ పొట్లాన్ని వాళ్ళు గాలి నింపి రబ్బరు బ్యాండు మెలితిప్పి కడతారు, మామూలు రోజుల్లోనే మనకి విప్పడం రాదు. జ్వరంలో ఎలా విప్పావు? మర్నాడు బండి దగ్గరికి వెళ్ళి ఏమన్నావు? డబ్బులివ్వబోయావా? ఆవిడ ఏమంది, ఏ మాటల్లో, ఏ స్వరంలో? రోకలి ఆపి అందా, దంచుతూనే అందా?

అది రాసి పంపు. మిగతా పద్నాలుగు పేజీలూ నీ దగ్గరే ఉంచుకో.

ఉంటాను.