పోర్చుగీస్ క్రియ మధ్యలో సర్వనామం వస్తే సిలబుల్స్ ఎలా విడదీయాలి?

'వెన్దెర్-ల్యె-ఈఅముష్' (వీలైతే ఆయనకు అమ్మేవాళ్ళం) లాంటి క్రియను ఎక్కడ విడదీయాలి, ఆ 'ల్యె' ('ఆయనకు', 'మీకు' అనే సర్వనామం) మధ్యలోకి ఎందుకొచ్చింది అని అడిగారు. నేను లిస్బన్‌లో ఉంటాను. ఆఫీసుల నుంచి వచ్చే ఉత్తరాల్లో 'ఎన్వియర్-ల్యె-ఏముష్' (మీకు పంపుతాం) తరచూ కనిపిస్తుంది. ఇక్కడి పలుకుబడి ప్రకారమే రాస్తున్నాను.

ముందు ఒక విషయం పట్టుకోండి. పలికేటప్పుడు విడిపోయే చోటు వేరు, పదం కట్టుబడిలో అతుకు ఉన్న చోటు వేరు. అమ్మడం అనే క్రియకు ధాతువు 'వెన్ద్'. పలికితే మాత్రం 'వెన్-దేర్'. ధాతువు చివరి ద్ పక్క సిలబుల్‌లోకి వెళ్ళిపోయింది.

అసలు అందమంతా ఆ ర్ దగ్గర ఉంది. సర్వనామం లేకపోతే 'వెన్-దె-రీ-అ-ముష్': ర్ ముందుకు వెళ్ళి 'రీ' అయింది. 'ల్యె' వస్తే 'వెన్-దెర్-ల్యె-ఈ-అ-ముష్': అదే ర్ వెనక్కి వచ్చి 'దెర్'లో కూర్చుంది. 'దాన్ని' అనే సర్వనామం 'ఉ' వస్తే 'వెన్-దే-లు-ఈ-అ-ముష్': ర్ పూర్తిగా పోయింది, 'ఉ' కాస్తా 'లు' అయింది. ఇప్పుడు 'వెన్దే'ని విడి పదంగా లెక్కగట్టి, చివరి అచ్చు మీద టోపీ గుర్తు పెడతారు.

మధ్యలోనే ఎందుకంటే, లాటిన్ చివరి రోజుల్లో ఇవి రెండు పదాలు: క్రియ మూలరూపం, దాని పక్కన 'కలిగి ఉండు' అనే సహాయక క్రియ. రెండూ అతుక్కుని భవిష్యత్ రూపమయ్యాయి. సర్వనామం ఆ పాత సందులోనే ఉండిపోయింది. అందుకే ఇది భవిష్యత్, కండిషనల్ ('అలా అయితే చేసేవాళ్ళం' అనే) రూపాల్లో తప్ప మరెక్కడా రాదు. ముందు 'నావ్' (కాదు) ఉంటే సర్వనామం క్రియకు ముందుకు పోతుంది. బ్రెజిల్ మాటల్లో ఇది దాదాపు వినపడదు. మాజీ అధ్యక్షుడు మిషెల్ తెమెర్ వాడితే అక్కడ అందరూ ప్రత్యేకంగా చెప్పుకున్నారు.

తెలుగువాళ్ళు ఒకచోట జాగ్రత్తగా ఉండాలి. 'ల్యె' మనకు సంయుక్తాక్షరంలా కనిపిస్తుంది. గురులఘువుల అలవాటుతో ల్‌ని వెనక్కి లాగకండి. అది పోర్చుగీస్‌లో l, h అనే రెండక్షరాలతో రాసే ఒకే ధ్వని, ఎప్పుడూ విడదు. జంట ఎస్ మాత్రం దీనికి ఎదురు: ధ్వని ఒకటే, రాతలో విడగొడతారు. 'ఫలాసె' (మాట్లాడితే) జంట ఎస్‌తో రాసే ఒకే పదం, ఊనిక 'లా' మీద. 'ఫాల-సె' (మాట్లాడతారు) ఒక్క ఎస్, మధ్యలో హైఫన్, ఊనిక 'ఫా' మీద. పోర్చుగీస్ పిల్లలు కూడా ఈ రెండింటినీ కలిపేస్తుంటారు. పైకి చదివి ఊనిక ఎక్కడ పడిందో వినండి, తేలిపోతుంది.

రాసేటప్పుడు సరిగ్గా హైఫన్ దగ్గర లైను అయిపోతే, పోర్చుగీస్ మాట్లాడే దేశాల 1990 స్పెల్లింగ్ ఒప్పందం ప్రకారం కింది లైను మొదట్లో ఆ హైఫన్ మళ్ళీ వేయాలి.