అమ్మడూ, ఆ గెలుపు ఎవరి ఖాతాలో వేస్తావు?

అమ్మడూ,

19వ శతాబ్దపు బేస్‌బాల్‌లో రిలీఫ్ పిచర్ల, అంటే ఆట మధ్యలో దిగి బంతి విసిరేవాళ్ల, లెక్కలు తీయబోతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మనింట్లో ఇంకొకరికి ఈ పిచ్చి పట్టినందుకు మురిసిపోయాను. ఆ వెంటనే టెన్షన్. రెడీమేడ్ ఫైలొకటి దించుకుని రాత్రికి రాత్రే గ్రాఫులు గీసేస్తావేమోనని.

మూలం రాసుకో, అంకెను రెండుచోట్ల సరిచూసుకో. ఇవి నీకు తెలిసినవే.

అంకెల కంటే ముందు అప్పటి రూల్స్ చదువు. 1880లలో చాలాకాలం గాయమో జబ్బో అయితే తప్ప బెంచి మీంచి కొత్తవాణ్ణి దించే వీల్లేదు. పిచర్‌ని మార్చాలంటే ఫీల్డింగ్‌లో ఉన్నవాడే, తరచుగా రైట్ ఫీల్డర్, వచ్చి బంతి అందుకోవాలి. 1876లో బోస్టన్ ఆటగాడు జాక్ మ్యానింగ్ 5 సేవ్‌లతో (మధ్యలో దిగి, జట్టు ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడినందుకు పిచర్‌కి వేసే లెక్క) లీగ్‌లో ఫస్ట్ అని కనబడుతుంది. పాపం, ఆ సంగతి ఆయనకే తెలీదు. సేవ్ అధికారిక లెక్కల్లో చేరింది 1969లో. అంతకు ముందువన్నీ తర్వాతివాళ్లు పాత బాక్స్ స్కోర్లు (మ్యాచ్ లెక్కల పట్టికలు) తిరగేసి వేసినవే. విల్ వైట్ అనే పిచర్ 1879లో 75 మ్యాచ్‌లు మొదలుపెట్టి 75 తనే ముగించిన కాలమది. ఆ 5ని చిన్నచూపు చూడకు.

నా భయమంతా 1884 నాటి ప్రావిడెన్స్ జట్టు గురించే. జులై 22న ఆ జట్టు పిచర్ చార్లీ స్వీనీని రైట్ ఫీల్డ్‌కి పొమ్మని, బంతి సైక్లోన్ మిల్లర్‌కి ఇమ్మన్నాడు మేనేజర్. స్వీనీ అలిగి మైదానమే వదిలి వెళ్లిపోయాడు. బదులు మనిషి లేక 8 మందితో ఆడి ఓడారు. ఆ తర్వాత భారమంతా ఆ జట్టులోని ఇంకో పిచర్ రాడ్‌బోర్న్ భుజం మీద పడింది. 28న ఫిలడెల్ఫియాలో మిల్లర్ 5 ఇన్నింగ్స్ వేసి, 3-4తో వెనకబడి ఉండగా తప్పుకున్నాడు. ఆరో ఇన్నింగ్స్‌లో, రాడ్‌బోర్న్ బంతి అందుకోకముందే, ప్రావిడెన్స్ 4 పరుగులు తీసి ముందంజ వేసింది. మిగతా 4 ఇన్నింగ్స్ రాడ్‌బోర్న్ వేసి ఒక్క పరుగూ ఇవ్వలేదు. 11-4తో గెలిచారు. బేస్‌బాల్‌లో ప్రతి గెలుపూ ఒక పిచర్ పేరనే రాస్తారు కదా; బాగా వేసింది రాడ్‌బోర్న్ అని స్కోరర్ గెలుపు ఆయనకిచ్చాడు. నేటి రూల్ ప్రకారమైతే, జట్టు ముందంజ వేసేసరికి పిచర్‌గా లెక్కలో ఉన్నది మిల్లరే కాబట్టి గెలుపు మిల్లర్‌ది, రాడ్‌బోర్న్‌కి సేవ్. అందుకే ఆ సీజన్‌లో రాడ్‌బోర్న్ గెలుపులు ఒక పుస్తకంలో 60, ఇంకోదాంట్లో 59.

ఇక్కడే తెలివి చూపించబోయి ఒకటి కొట్టేసి ఒకటి ఉంచావో, నీతో మాట్లాడను! రెండు కాలమ్‌లు పెట్టు: అప్పటి స్కోరర్ తీర్పు, ఇప్పటి రూల్ తీర్పు. మన రూల్ తెలీకుండా ఆడినవాళ్లను మన రూల్‌తో మాత్రమే కొలవడం అన్యాయం కాదుటే?

రిటైరయ్యాక నేనూ లైబ్రరీలో పాత పేపర్ల మైక్రోఫిల్మ్ ముందే కూర్చునేవాణ్ణి. అరిగిన అచ్చులో 3 ఏదో 8 ఏదో తెలిసేది కాదు. మీ పెద్దమ్మ డబ్బాలో పులిహోర పెట్టేది, అది తినడమూ మర్చిపోయేవాణ్ణి. నువ్వలా చేయకు తల్లీ. గంటకోసారి లే, కళ్లు కడుక్కో.

మొదటి టేబుల్ అవగానే పంపు. జులై 28 వరుసే ముందు చూస్తాను.

పెదనాన్న