పండగపూట నవ్వొచ్చా? యూదుల పండగల మీద పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నమస్తే అండి. మాది అనంతపురం, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో జాబ్. మా టీమ్‌లో ఇజ్రాయెల్ ఆయన ఒకడు ఫ్యామిలీతో ఇక్కడే ఉంటున్నాడు. పూరీము పండక్కి ఇంటికి రమ్మన్నాడు, వేషం వేసుకుని రావాలంట, గ్రంథం చదివేటప్పుడు గోల చెయ్యాలంట. నన్ను ఆటపట్టిస్తున్నాడా? దేవుడి పుస్తకం చదువుతుంటే నవ్వితే తప్పు కాదా?

జవాబు: ఆటపట్టించట్లేదండి, ఉన్నదే చెప్పాడు. వేషం వేసుకునే వెళ్ళండి. పూరీము వాళ్ళ అదారు నెల 14న వస్తుంది, మనకి ఫిబ్రవరి, మార్చిల్లో, చాలా ఏళ్ళు హోలీ పౌర్ణమికి అటూ ఇటూగా పడుతుంది. ఆ సాయంత్రం ఒకసారి, మర్నాడు పొద్దున ఇంకోసారి బైబిల్లోని ఎస్తేరు గ్రంథం మొత్తం పైకి చదువుతారు. కథ ఏంటంటే పర్షియా రాజు అహష్వేరోషు కొలువులో హామాను అని పెద్ద పదవిలో ఉన్నవాడు, మొర్దెకై అనే యూదుడు తనకి వంగి దండం పెట్టలేదని కోపంతో రాజ్యంలో ఉన్న యూదులందర్నీ ఒకే రోజు చంపించాలని చీట్లు వేసి మరీ రోజు ఖాయం చేస్తాడు, రాణి ఎస్తేరు తెగించి నేనూ యూదురాలినే అని రాజుకి చెప్పేస్తుంది, చివరికి మొర్దెకై కోసం నిలబెట్టించిన 50 మూరల ఉరికొయ్య మీద హామానే వేలాడతాడు.

చదివేటప్పుడు హామాను పేరు యాభైకి పైగా సార్లు వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఆ పేరు వినపడకుండా ముంచెయ్యాలి, దానికోసం తిప్పితే గరగరా మోగే చెక్క ఆటవస్తువు ఉంటుంది, పిల్లలు గిన్నెలు కొడతారు, పెద్దాళ్ళు కాళ్ళు నేలకేసి బాదుతారు, చెప్పుల అడుగున హామాను పేరు రాసుకుని తొక్కేవాళ్ళు కూడా ఉన్నారు. కానీ ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి, గోల ఆ పేరుకి మాత్రమే. మిగతా ప్రతి మాటా చెవిన పడాలనేది నియమం, అందుకే గోల తగ్గేదాకా చదివేవాడు ఆగి, తగ్గాక మొదలుపెడతాడు. హామాను పదిమంది కొడుకుల పేర్లు మాత్రం ఒకే ఊపిరిలో చదివెయ్యాలి, అక్కడ ఆయన ముఖం ఎర్రబడిపోవడం చూసి పిల్లలు పడీపడీ నవ్వుతారు, మీరూ నవ్వండి, ఎవరూ ఏమనుకోరు.

వేషం అంటారా, గ్రంథం మొదటి వాక్యంలోనే ఆ రాజు హిందూదేశం మొదలుకొని కూషు దేశం దాకా 127 సంస్థానాలు ఏలాడని ఉంది. పంచె కట్టి, తలపాగా చుట్టి హిందూదేశపు సామంతుడిలా వెళ్ళారనుకోండి, ఆ ఇంట్లో మిమ్మల్ని ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు.

ఏదైనా పట్టుకెళ్ళాలనిపిస్తే, కోషెర్, అంటే యూదుల ఆహార నియమాలు, ఎంతవరకు పాటిస్తారో ముందే అడగండి, అడగడానికి మొహమాటమైతే కొయ్యని పళ్ళు తీసుకెళ్ళండి చాలు. వాళ్ళు మీకు గసగసాల ముద్ద కూరిన మూడు మూలల బిస్కెట్లు పెడతారు, హీబ్రూలో వాటిని హామాను చెవులు అంటారు.

మందు సంగతి కూడా చెప్పాలి. హామానుకి శాపం, మొర్దెకైకి దీవెన, ఈ రెండిటికీ తేడా తెలీనంతగా తాగమని తల్మూదులో, అంటే యూదు పండితుల చర్చలు, కథలు ఉన్న పాత ధర్మగ్రంథంలో, ఉంది. కానీ ఆ వెంటనే అక్కడే ఇంకో కథ పెట్టారు చూడండి, అది నాకు భలే ఇష్టం. రబ్బా, జేరా అని ఇద్దరు పండితులు కలిసి పూరీము విందు చేసుకున్నారు, మత్తులో రబ్బా లేచి జేరా గొంతు కోసేశాడు, మర్నాడు తెలివొచ్చి ఏడ్చి ప్రార్థన చేస్తే ఆయన బతికాడు. మరుసటి ఏడు రబ్బా మళ్ళీ విందుకి పిలిస్తే జేరా అన్నాడంట, ప్రతిసారీ అద్భుతం జరగదు బాబూ అని. తాగమన్న మాటా, దాని మీద హెచ్చరికా ఒకే పేజీలో. అందుకే చాలామంది రబ్బీలు, అంటే యూదు మతగురువులు, మామూలు రోజు కంటే కాస్త ఎక్కువ తాగి పడుకోమంటారు, నిద్రలో శాపానికీ దీవెనకీ తేడా ఎలాగూ తెలీదు కదా అని! మీరు తాగకపోయినా తప్పేం లేదు.

ప్రశ్న: మేడం, మేము చెన్నై పెరంబూర్‌లో తెలుగు చర్చికి వెళ్తాం. ఎస్తేరు గురించి ఉపవాస ప్రార్థనల్లో ఏడుస్తూ వింటాం. ఒక జాతినే చంపెయ్యాలని చూసిన కథ కదా, దాని మీద వీళ్ళకి కామెడీ ఎలా వస్తుంది?

జవాబు: మంచి ప్రశ్న వేశావమ్మా. ఉపవాసం వాళ్ళకీ ఉంది, పూరీము ముందు ఎస్తేరు పేరు మీదే ఉపవాసం ఉంటారు, ఆ తర్వాతే నవ్వు. ఆరో అధ్యాయం ఇంకోసారి నిదానంగా చదువు. రాజుకి రాత్రి నిద్ర పట్టదు, పాత రికార్డులు చదివించుకుంటే మొర్దెకై ఒకప్పుడు తన ప్రాణం కాపాడాడని, అతనికి ఏమీ ఇవ్వలేదని బయటపడుతుంది. సరిగ్గా అప్పుడే మొర్దెకైని ఉరి తీయించే పర్మిషన్ కోసం హామాను వస్తాడు. రాజు గౌరవించాలనుకున్నవాడికి ఏం చెయ్యాలి అని రాజు అడిగితే, నన్ను కాక ఇంకెవర్ని గౌరవిస్తాడు అనుకుని హామాను కోరికలన్నీ ఏకరువు పెడతాడు, రాజు వేసుకున్న బట్టలు కావాలి, రాజు ఎక్కిన గుర్రం కావాలి, ముందు ఒక పెద్ద అధికారి చాటింపు వెయ్యాలి అని. సరే, ఇవన్నీ మొర్దెకైకి నువ్వే చెయ్యి అంటాడు రాజు. ఇంతకన్నా కామెడీ సీను ఏముంటుంది చెప్పు, రాసినవాళ్ళు నవ్వించాలనే రాశారు. తల్మూదు పండితులు ఇంకో అడుగు ముందుకేశారు, మేడ మీంచి చూస్తున్న హామాను కూతురు గుర్రం మీదున్నది తన నాన్న, ముందు నడుస్తున్నది మొర్దెకై అనుకుని పాయిఖానా కుండ తెచ్చి నడిచేవాడి నెత్తిన కుమ్మరించింది అని.

నువ్వు అడిగిన దానికి అసలు జవాబు నా దృష్టిలో ఇంకో చోట ఉంది. 1946 మార్చిలో జర్మనీలో లాండ్స్‌బెర్గ్ అనే ఊళ్ళో, హిట్లర్‌ని 1924లో జైల్లో పెట్టిన ఊరే అది, నిర్బంధ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడ్డ యూదులు శరణార్థుల క్యాంపులో పూరీము చేసుకున్నారు. హిట్లర్ వేషాలు వేసుకుని, హిట్లర్ బొమ్మలు పట్టుకుని వీధుల్లో ఊరేగారు. వాళ్ళలో చాలామందికి ఇంట్లోవాళ్ళు ఎవరూ మిగల్లేదు. బాధ లేక నవ్వారని ఎవరూ అనలేరు. చంపాలనుకున్నవాడు పోయాడు, మేం ఇక్కడే ఉన్నాం అని పదిమందిలో గట్టిగా చెప్పడానికి వాళ్ళ పెద్దలు ఇచ్చిన దారి ఈ పండగే, ఆ రోజు వాళ్ళకి అది ఎంత అవసరమో ఆలోచించు. నవ్వకపోతే వాడి భయం ఇంకా మన ఇంట్లోనే కూర్చున్నట్టు. అందుకే ఈ నవ్వుని నేను భక్తిలో భాగం అనే అంటాను, నీ కన్నీళ్ళు కూడా అంతే.

ప్రశ్న: మా మనవరాలికి బెంగళూరు స్కూల్లో పస్కా పండగ మీద ప్రాజెక్ట్ ఇచ్చారు. అందులో పిల్లలకి సరదా ఏమైనా ఉందా, లేక అంతా ప్రార్థనేనా?

జవాబు: పస్కా అంటే ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి యూదులు బయటపడ్డ పండగ, పిల్లలు నిద్రపోకుండా చూడటమే ఆ రాత్రి పెద్దాళ్ళ పని అండీ! పులవని రొట్టె ముక్క ఒకటి దాచిపెడతారు, అది తినకుండా భోజనం పూర్తవ్వదు, కాబట్టి పట్టుకున్న పిల్లలు బేరం పెట్టి బహుమతి లాగుతారు. పర్షియా, అఫ్గానిస్తాన్ యూదులైతే ఒక పాట దగ్గర ఉల్లికాడలు తీసుకుని ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుంటారు, ఐగుప్తులో తిన్న కొరడా దెబ్బలకి గుర్తుగా, అమ్మమ్మకి కూడా మినహాయింపు లేదు. చివర్లో ఒక మేకపిల్ల పాట ఉంటుంది, 1590లో ప్రాగ్‌లో అచ్చయిన పుస్తకంలో కనిపిస్తుంది. నాన్న రెండు కాసులకి కొన్న మేకపిల్లని పిల్లి తింది, పిల్లిని కుక్క కరిచింది, కుక్కని కర్ర కొట్టింది, కర్రని నిప్పు కాల్చింది, నిప్పుని నీళ్ళు ఆర్పాయి, నీళ్ళని ఎద్దు తాగింది, ఎద్దుని కసాయి కోశాడు, కసాయిని మృత్యుదూత తీసుకెళ్ళాడు, చివరికి దేవుడొచ్చి ఆ మృత్యుదూతనే చంపాడు. మన ఏడు చేపల కథలాగే గొలుసు, కాకపోతే మనది చీమ దగ్గర ఆగితే వాళ్ళది చావు చచ్చేదాకా వెళ్తుంది. చాలా ఇళ్ళల్లో పిల్లి వస్తే మ్యావ్, కుక్క వస్తే భౌ అంటూ అర్ధరాత్రి దాకా స్పీడు పెంచుతూ పాడతారు. మనవరాలి చేత తెలుగులో పాడించండి, క్లాసంతా నేర్చేసుకుంటుంది.

ప్రశ్న: మన చెన్నైలో యూదులు ఉండేవారా? తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారంటే నిజమేనా?

జవాబు: రెండూ నిజమే. జార్జ్‌టౌన్‌లో కోరల్ మర్చంట్ స్ట్రీట్ ఉంది కదా, అది పగడాలు అమ్మిన యూదు వర్తకుల వీధి, 17వ, 18వ శతాబ్దాల్లో మధ్యధరా పగడాలు ఇక్కడ దించి, గోల్కొండ వజ్రాలు కొని లండన్‌కి పంపేవాళ్ళు. ఇక తెలుగు మాట్లాడేవాళ్ళంటే గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఉన్నారు, తమని బెనె ఎఫ్రాయిం అని చెప్పుకుంటారు, వాళ్ళకి ఒక చిన్న ప్రార్థనా మందిరం కూడా ఉంది. చూడాలనుకుంటే ముందు కబురు పెట్టి, వాళ్ళు రమ్మన్న రోజే వెళ్ళండి.