రాత్రి రెండింటికి ఎవరు మేలుకుని ఉంటారు?

ప్రశ్న: మా అమ్మకు 78 ఏళ్లు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, అన్నీ మంచం మీదే. మధురవాడ వైపు ఒక వృద్ధాశ్రమం చూశాము. గదులు శుభ్రంగా ఉన్నాయి, లిఫ్టు ఉంది, వరండాలోంచి సముద్రం కనిపిస్తుంది. 24 గంటలూ నర్సులు ఉంటారన్నారు. అమెరికాలో ఎంతమంది ఉండాలో చట్టమే చెబుతుందట, మన దగ్గర ఎవరిని అడగాలి అంటున్నాడు అక్కడున్న మా అన్నయ్య. అమ్మను చేర్చవచ్చా మేడమ్?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: వరండా సంగతి పక్కన పెట్టండమ్మా. మంచం దిగలేని మనిషికి సముద్రం ఎందుకు? ‘24 గంటలూ నర్సులు’ అన్న మాటను విడమరిచి అడిగితే చాలాచోట్ల పగలు ఒక నర్సు, రాత్రి ఒకరిద్దరు ఆయాలు అని తేలుతుంది. రాత్రి రెండింటికి ఎంతమంది మేలుకుని ఉంటారు, వాళ్ల చేతిలో మంచాన పడినవారు ఎంతమంది? ముందు అది అడగండి. నర్సు జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివినా బీఎస్సీ చదివినా నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. చూపించమంటే నసిగేచోట కూర్చోకండి, లేచి వచ్చేయండి.

కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలన్నది మా నర్సింగ్‌లో తొలి పాఠాల్లో ఒకటి. తిప్పి, తడి చూసి, బట్ట మార్చి, వీపు తుడవడానికి ఒక్కొక్కరికి పది నిమిషాలు వేసుకోండి. అలాంటివారు పన్నెండు మంది ఉంటే ఒక ఆయాకు ఆ రెండు గంటలూ అక్కడే సరి. ఈలోగా ఎవరైనా మరుగుదొడ్డి దారిలో పడితే చూసేదెవరు?

తిప్పిన వేళలు రాసే చార్టు ఒకటి ఉంటుంది, అడిగి చూడండి. పది, పన్నెండు, రెండు, నాలుగు అన్నీ ఒకే పెన్నుతో, ఒకే ఊపులో రాసి ఉంటే తెల్లవారాక కూర్చుని నింపారన్నమాట. అమ్మను చేర్చాక వెళ్లినప్పుడల్లా దుప్పటి తీసి మడమలు, నడుము కింది ఎముక చూడండి. ఎర్రబడినచోట వేలితో నొక్కి వదిలినా రంగు తగ్గకపోతే పుండు మొదలైనట్టే. చామనఛాయ ఒంటి మీద ఎరుపు తెలియకపోవచ్చు. వేడిగా, గట్టిగా తగులుతోందేమో తడిమి చూడండి. పగలంతా మత్తుగా పడుకునే ఉంటే ఏ మాత్రలు ఇస్తున్నారో అడగండి.

ఇంకొకటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు కదా. పై అంతస్తులో మంచం ఇస్తామంటే లిఫ్టు, పుండ్లు పడకుండా వేసే ఎయిర్ బెడ్ (కరెంటుతో నడిచే గాలి పరుపు) జనరేటరు మీద నడుస్తాయా అని అడగండి.

మీ అన్నయ్య చెప్పినది సగం నిజం. నర్సింగ్ హోములో ఒక్కొక్కరికి రోజుకు 3.48 గంటల సేవ అందాలని అమెరికా 2024లో నిబంధన తెచ్చింది. అది పూర్తిగా అమలుకు రాకముందే, 2025లో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టేసింది. మన 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల చట్టంలో ప్రైవేటు ఆశ్రమానికి ఇంతమంది నర్సులని లెక్కే లేదు. కనీస ప్రమాణాలు పెట్టే సవరణ బిల్లు 2019లో లోక్‌సభకు వచ్చింది కానీ చట్టం కాలేదు. కాబట్టి ప్రస్తుతానికి తనిఖీ అధికారి మీరే. వేళ చెప్పకుండా వెళ్లండి. సాయం కావాలంటే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567.

ప్రశ్న: నాన్నగారు ఉన్న ఆశ్రమంలో ఆయాకు వెళ్లినప్పుడల్లా 200 రూపాయలు ఇస్తున్నాను. మా ఆవిడ తప్పంటోంది.
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: నేను మీ ఆవిడ పక్షం. మీ 200తో మీ నాన్నగారి పక్క ముందు మారుతుంది, పక్క మంచం పెద్దాయన తడిలోనే ఉంటాడు. పండక్కి చీర పెట్టండి, ఎవరూ కాదనరు. ఆమె డ్యూటీ ఎన్ని గంటలో, జీతం ఎంతో కనుక్కుని, మిగతా కుటుంబాలతో కలిసి యాజమాన్యంతో మాట్లాడండి. ఆయాలు నెలనెలా మారిపోతే నాన్నగారికి నీళ్లు పొలమారతాయన్న సంగతి కొత్తమనిషికి ఎవరు చెబుతారు? అలాంటివి ఏవైనా ఉంటే పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఇవాళే మంచం తలవైపు అంటించండి.