బ్యాంకుల వార్తల్లో ‘హెయిర్‌కట్’ అంటే ఏమిటి?

మీరు ఇచ్చిన వాక్యం ‘లెండర్స్ టేక్ 60 పర్సెంట్ హెయిర్‌కట్’. డీమ్యాట్ యాప్‌లో షేరు పక్కన కనిపించే ‘హెయిర్‌కట్ 15%’ కూడా ఇదేనా అని అడిగారు. మాట ఒకటే గానీ లెక్క వేరు.

ముందు అప్పుల సంగతి. ఒక కంపెనీ బ్యాంకులకు 1,000 కోట్లు బాకీ పడి దివాలా ప్రక్రియలోకి వెళ్లిందనుకోండి. దాన్ని కొనేవాళ్లు 400 కోట్లే ఇస్తామన్నారు, బ్యాంకులు సరేనన్నాయి. పోయిన 600 కోట్లే హెయిర్‌కట్. ఆ 60 శాతం చేతికొచ్చింది కాదు, చేజారింది. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే: ‘టేక్’ చూసి బ్యాంకులకు ఏదో దక్కిందనుకుంటారు. ఇక్కడ టేక్ అంటే నష్టం భరించడం.

మనకు ‘వాడికి బాగా క్షవరం అయింది’ అనే వాడుక ఉంది కదా, అందుకని మోసం జరిగిందన్న అర్థం చప్పున తోస్తుంది. ఇంగ్లిష్ వార్తల్లో ఆ వాసన ఉండదు. అప్పిచ్చినవాళ్లు ఒప్పందం ప్రకారం వదులుకున్న భాగమే అది, మనసు చంపుకొని ఒప్పుకున్నా సరే. 2012లో గ్రీస్ ప్రభుత్వ బాండ్లు (అప్పు పత్రాలు) ఉన్న ప్రైవేటు సంస్థలు ముఖ విలువలో 53.5 శాతం వదులుకున్నప్పుడూ ఇదే మాట వాడారు.

శాతం కనబడితే అది దేనిమీద కట్టారో చూడండి. 2021లో వీడియోకాన్ దివాలా కేసులో సుమారు 71 వేల కోట్ల క్లెయిములకు (మాకింత రావాలని అప్పిచ్చినవాళ్లు చూపిన బాకీలకు) కొనేవాళ్ల నుంచి వచ్చిన ఆఫర్ 2,962 కోట్లు, అంటే 95.85 శాతం హెయిర్‌కట్. ఆమోదం పొందిన క్లెయిములు సుమారు 64,839 కోట్లు. వాటిమీద కడితే 95.4 వస్తుంది. ఇది హెయిర్‌కట్ కాదు, పూర్తి గుండు అన్న ధోరణిలో ఆ కేసు విన్న ముంబై కంపెనీ లా ట్రైబ్యునల్ తన ఉత్తర్వులోనే వ్యాఖ్యానించింది. (ఆ ఆఫర్ ఉన్న పరిష్కార ప్లాన్ ఆమోదాన్ని తర్వాత అప్పీలులో కొట్టేశారు.)

ఇక మీ యాప్. లక్ష రూపాయల షేర్లు ప్లెడ్జ్ చేస్తే (తాకట్టు పెడితే), 15 శాతం హెయిర్‌కట్ పోను 85,000 మార్జిన్, అంటే ట్రేడింగ్‌కు హామీగా లెక్కించే మొత్తం, వస్తుంది. ఆ 15,000 ఫీజు కాదు, ఎవరూ పట్టుకుపోలేదు. బంగారం తాకట్టు పెడితే పూర్తి విలువకు అప్పివ్వనట్టే ఇదీ; రేపు ధర పడితే ఆదుకోవడానికి ముందే తగ్గించి చూపిస్తారు. ధర ఎక్కువ ఊగిసలాడే షేరుకు కోత ఎక్కువ. ఈ శాతం మారుతూ ఉంటుంది కాబట్టి మీరేమీ చేయకపోయినా ఒక పొద్దున మార్జిన్ తక్కువైందని మెసేజ్ రావచ్చు.

వాక్యంలో ఆనవాలు: అప్పిచ్చినవాళ్లు కర్తగా ఉండి ‘టేక్’ వస్తే అది నిజమైన నష్టం. షేర్లు, బాండ్లు వంటి తాకట్టు మీద ‘అప్లై’ చేశారంటే అది లెక్కలో తగ్గింపు మాత్రమే.

దీన్ని ‘రైటాఫ్’తో కలిపేయకండి. రైటాఫ్ అంటే బ్యాంకు తన ఖాతా పుస్తకాల్లోంచి బాకీని తీసేయడం. వసూలు ప్రయత్నం ఆగదు. హెయిర్‌కట్‌లో వదులుకున్న మొత్తాన్ని ఆ కంపెనీని మళ్లీ అడగలేరు. అయితే ప్రమోటర్ (కంపెనీని పెట్టి నడిపించే యజమాని) వ్యక్తిగత హామీ ఇచ్చి ఉంటే, కంపెనీ ప్లాన్ ఆమోదమైనంత మాత్రాన అతని బాధ్యత దానంతటదే తీరిపోదని 2021 మేలో సుప్రీంకోర్టు చెప్పింది.